రాజు కాలు

ఆదివారం, జనగామ

ఈ రోజు నా బిడ్డ స్రవంతికి అబద్ధం చెప్పాను.

దానికి పందొమ్మిదేళ్లు. లైసెన్స్ వచ్చి నెల కూడా కాలేదు, అప్పుడే పాత స్పోర్ట్స్ కారు ఒకటి కొనుక్కుంది. పొద్దున దాన్ని మన షెడ్డుకే తెచ్చి, "బాపూ, దీన్ని జర కిందికి దించు. సైలెన్సర్ గూడ మార్చాలె" అంది. ఇన్నేళ్ల మెకానిక్‌ని కదా, చెప్పవలసిందంతా చెప్పాను. ముందు టైర్లు, బ్రేకులు బాగుచేయాలి. ఏడాదిపాటు ఉన్నదున్నట్టు నడపాలి. మిగతావన్నీ ఆ తర్వాతే.

"మరి నీ మొదటి కారుకు నువ్వేం మార్చినవ్?"

"ఏం మార్చలే."

నిజానికి స్ప్రింగులు కోసి, నేలకు తాకేంత దించాను. అదే స్టైల్ అనుకున్నాను. బచ్చన్నపేట రోడ్డు మీద ఎవరో ఆరబోసిన వడ్లను కుప్ప చేసి నల్ల కవరు కప్పారు. మసక చీకట్లో కనబడలేదు. కారు అడుగుభాగం కుప్పకు తగిలి పల్టీ కొట్టింది. నాకు గీత పడలేదు. పక్క సీట్లో తమ్ముడు రాజు ఉన్నాడు.

వెనక నుంచి కుంటుకుంటూ వచ్చిన రాజు మా మాటలన్నీ విన్నాడు. నా వైపు చూడకుండా, "మీ బాపు చెప్పినట్టు ఇను బిడ్డా. ఆయిన ఎన్నడు గసొంటి పని చెయ్యలే" అన్నాడు.

స్రవంతి వెంటనే ఒప్పుకుంది. చిన్నాయిన మాటంటే దానికి అంత నమ్మకం.

ఆ కాలు పుట్టుకతోనే అట్లా ఉందని దానికి చెప్పింది కూడా రాజే.