ఎగిరిపోయిందని రాశాను

అక్కకు తమ్ముడు నమస్కరించి రాసేది. ఇక్కడ నేనూ, నీ షెడ్డులోని తొమ్మిది పక్షులూ క్షేమం. అక్కడ ఆస్పత్రిలో నీ కాలూ, నీ కోపమూ కుదుటపడ్డాయని తలుస్తున్నాను.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. షెడ్డు కప్పు ఇప్పుడు కారడం లేదు. చేపలు తల ముందు వెళ్లేటట్టే పక్షుల నోట్లో పెడుతున్నాను. సముద్రంమీద నూనె తెట్టులో చిక్కుకున్న రెండు సీగల్ పక్షులనూ సబ్బు నీళ్లతో మూడేసి సార్లు కడిగాం. ఒకటి తేరుకుంది. రెండోది మూడో రోజు పొద్దున చచ్చిపోయింది. పశువుల డాక్టరమ్మ చూసి, "నూనె లోపలికి మింగేసింది, నీ తప్పేం లేదు" అంది. నేను అడక్కుండానే ఒకరు ఆ మాట అనడం ఇదే మొదటిసారి.

సెలూన్ సంగతి కూడా అడిగావు. పొద్దున క్షవరాలు, మధ్యాహ్నం నుంచి పక్షులు. రెండు చోట్లా పని ఒకటే, తువ్వాలు కప్పి కదలకుండా చూసుకోవడం. పక్షులు పొడుస్తాయి, అంతే తేడా.

ఇక రెక్కకు గాలం దారం చుట్టుకుని వచ్చిన సీగల్. అది ఎగిరిపోయిందని పోయిన ఉత్తరంలో రాశాను. ఆ కబురు వార్డంతా చెప్పుకున్నానని నువ్వు రాశావు. అది చదివినప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. నువ్వు వచ్చి తెలుసుకునేకంటే నేనే చెప్పడం మేలు.

ఎగిరిన మాట నిజం. ఒడ్డున పెట్టె తెరవగానే చక్కగా లేచింది. నీళ్లమీద ఒక చుట్టు తిరిగి, వచ్చి నా కాళ్ల దగ్గర వాలింది. మళ్లీ వదిలితే మళ్లీ వచ్చింది. 'ఎగిరింది' అని ఆపాల్సిన చోట నేను 'పోయింది' తగిలించాను.

ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. 'లోపల మాట్లాడకూడదు' అని షెడ్డు తలుపుమీద నువ్వు పెద్ద అక్షరాలతో రాసి పెట్టావు. రోజూ దాన్ని చదివి మరీ లోపలికి వెళ్లేవాణ్ని. ఇరవై ఏళ్లుగా కత్తెర పట్టినవాణ్ని, చేతులు ఆడుతుంటే నోరు ఊరుకోదు. దాని గాయం కడుగుతూ నా పన్ను నొప్పి గురించి చెప్పాను, నువ్వు జారిపడిన రోజు నేనెంత బెదిరిపోయానో చెప్పాను. నలభై రోజులు చెప్పాను. అది తల పక్కకు వంచి వినేది. కస్టమర్లకంటే నయమనుకున్నాను.

వదిలిన మూడో రోజు, గట్టుమీద ఇద్దరు గాలాలేస్తూ కబుర్లాడుకుంటుంటే వాళ్ల మధ్యకు నడుచుకుంటూ వెళ్లింది. ఒకడు కాలితో తన్నాడు. మనిషి గొంతుకు బెదరని పక్షి ఎన్నాళ్లో బతకదని నువ్వు చెప్పినప్పుడు నేను తల ఊపాను. తల ఊపడం నా వృత్తిలో భాగం, వినడం కాదు.

వెళ్లి డాక్టరమ్మతో చెప్పాను. ఆమె తిట్టలేదు.

"అలవాటు చేసింది నువ్వేగా, మాన్పించాల్సిందీ నువ్వే. లేదంటే బతికినన్నాళ్లూ బోనులో పెట్టుకోవాలి."

"ఎట్లా మాన్పించడం?"

"ఎప్పట్లాగే మాట్లాడు. దగ్గరికొస్తే మొహాన నీళ్లు కొట్టు."

పన్నెండు రోజులు బకెట్ పట్టుకుని ఒడ్డుకు వెళ్లాను. మాట్లాడేవాణ్ని, అది వచ్చేది, నీళ్లు కొట్టేవాణ్ని. మొదటి రోజు తడిసి అక్కడే నిలబడింది, నేనేదో పొరపాటున కొట్టాననుకున్నట్టు. మర్నాడు కూడా వచ్చింది. ఐదో రోజు కాస్త ఎడంగా ఆగింది. అయినా దగ్గరికి పిలిచాను, వచ్చింది, కొట్టాను. అక్కా, ఇంత నీచమైన పని నేనెప్పుడూ చేయలేదు.

నిన్న ఖాళీ చేతులతో వెళ్లాను. అది మిగతావాటితో కలిసి రాళ్లమీద ఉంది. "ఏమ్మా, బాగున్నావా?" అన్నాను. మిగతావి కూర్చునే ఉన్నాయి. అదొక్కటే చటుక్కున లేచి సముద్రంమీదికి వెళ్లింది. చీకటి పడేదాకా ఉన్నాను. వెనక్కి రాలేదు.

నీ పక్షి ఇక బతుకుతుంది. దానికి ఈ లోకంలో అందరికంటే ఎక్కువ భయం నేనంటేనే. నాకు ఏడుపొచ్చింది, అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఇట్లు,
నీ తమ్ముడు