రామ్మోహన్‌కు చెందవలసిన సానరాయి

ఒంటారియో ప్రావిన్స్, హామిల్టన్ నగర నివాసిని, నందిపాటి కోటేశ్వరరావు అను నేను, వయసు అరవై తొమ్మిది, వృత్తి క్షౌరం. పక్షవాతం వచ్చాక కుడి చెయ్యి వణుకుతున్నా బుద్ధి నిలకడగానే ఉంది. ఎవరి ఒత్తిడీ లేకుండా ఈ వీలునామా రాయిస్తున్నాను. 2016లో రాసినది ఇందుమూలంగా రద్దు. అందులో నా తమ్ముడు రామ్మోహన్ పేరు లేదు. దీన్ని నా కూతురు అమృత అమలుపరచాలి.

1. ఇల్లు, ఇంట్లోని సమస్త వస్తువులు, కింద వేరుగా పేర్కొన్నవి తప్ప, నా భార్య శ్యామలకు సర్వహక్కులతో చెందుతాయి. శ్యామలా, ఒక చలికాలం గ్యారేజీలో నా నల్ల సానరాయి రెండు ముక్కలైతే నువ్వే పడేశావని తిట్టాను. తడిరాయిని అక్కడ వదిలింది నేనే. లోపలి నీరు గడ్డకట్టి పగిలింది. మర్నాడే తెలిసినా ఇన్నేళ్లూ చెప్పలేదు. క్షమించు.

2. షాపు, అందులోని కుర్చీలు, అద్దాలు నాతో పదేళ్లు పనిచేసిన లోహిత్‌కు. అతను ఇప్పటికీ కత్తిని నొక్కి నూరుతున్నాడు. రాయి మీద బరువు వేయకూడదు.

3. జపాన్‌లో, క్యోటో దగ్గరి కొండల్లో తవ్విన నా పసుపు సానరాయి, మా నాన్న మంగలికత్తి రామ్మోహన్‌కు చెందుతాయి. ఈ ఊళ్లో నాకు మొదట పని ఇచ్చిన నిషిమురా గారు రిటైరైన రోజు ఆ రాయి నా చేతిలో పెట్టారు. ఆ గని మూతపడింది. అలాంటిది మళ్లీ దొరకదు.

2013లో అమృత పెళ్లిలో రామ్మోహన్ తన ఆఫీసువాళ్లకు నన్ను చూపించి, "మా అన్నయ్యది కాస్మెటిక్స్ బిజినెస్" అన్నాడు. మా ఇద్దరినీ పెంచిన పని పేరు వాడి నోట రాలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు వాడు తానుంటున్న ఒషావా నుంచి ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు.

పోయిన జనవరిలో నేను హాస్పిటల్లో ఉండగా వచ్చాడు. నాకు పది రోజుల గడ్డం. మెడకు టవల్ చుట్టి, సంచిలోంచి నాన్న కత్తి తీశాడు. "కదలకు అన్నయ్యా. వదినని అడిగి తీసుకుని, పొద్దున్నే నీ రాయి మీద నూరాను" అన్నాడు. కత్తి చెంప మీద నడిచిన తీరుకే తెలిసింది, వాడి చెయ్యి ఏదీ మరచిపోలేదని. పక్క మంచం పేషెంటు ఏదో అడిగాడు. మాది బార్బర్ల కుటుంబమనీ, నాన్న నేర్పిన పనేననీ రామ్మోహన్ ఇంగ్లీషులో, వార్డంతా వినబడేలా చెప్పాడు. అప్పటికి నాకు మాట పడిపోయి ఉంది. లేకుంటే ఏదో ఒక పుల్లవిరుపు మాట అనేవాణ్ణే.

4. అమృతా, వీటిని కొరియర్‌లో పంపవద్దు. నువ్వే వెళ్లి బాబాయి చేతికి ఇవ్వు. ఏడుస్తాడు. ఓదార్చకు, పక్కన కూర్చో. భోంచేసి వెళ్లమంటే కాదనకు.

హామిల్టన్, 2025 మే 17.

(సంతకం) నందిపాటి కోటేశ్వరరావు

మా ఇద్దరి ఎదుట, చదివించుకుని విని, సంతకం చేశారు. సాక్షులు:
తారక్, పక్కింటివారు
కావ్యశ్రీ, నర్సు