చలి దేశం గురించి చెప్పిన అబద్ధం

చిట్టితల్లీ,

"పెదనాన్నా, ఇంగ్లీషు చెప్పడానికి ఈ రెండు దేశాల్లో ఎక్కడికి వెళ్ళమంటారు?" అని అడిగితే ఎడారి దేశం వెళ్ళమన్నాను. చలి దేశంలో మనవాళ్ళను చిన్నచూపు చూస్తారన్నాను. అబద్ధం. నేనక్కడ అడుగే పెట్టలేదు. నేను చదివినదాంట్లో పదోవంతు చదవనివాళ్ళు ఆ దేశం ఉద్యోగానికి జరిగిన ఇంటర్వ్యూలోనే నన్ను వద్దన్నారు. "అన్నయ్య ఇంగ్లీషు ఇంట్లోనే చెల్లుతుంది," అని మీ నాన్న నలుగురిలో నవ్వాడు.

ఎడారి దేశంలో పదకొండేళ్ళు నా పాస్‌పోర్టు నేను పనిచేసిన బడి హెడ్మాస్టరు బీరువాలో ఉంది. అతను ఇవ్వకే మీ నాయనమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. అది నీకు చెప్పలేదు. నలుగురిలో నవ్విన తమ్ముడి కూతురు నన్ను మించకూడదనుకున్నాను.

ఎడారి దేశం బడి ఒప్పందం మీద సంతకం పెట్టకు. చలి దేశం దరఖాస్తుకు శుక్రవారం ఆఖరు. సిఫారసు ఉత్తరం జతచేశాను. అందులో నిన్ను మెచ్చుకున్న మాటలు నీ ముఖాన ఎన్నడూ అనలేదు. అవి మాత్రం నిజం.

పెదనాన్న