నాన్నమ్మ పెన్సిల్ రాత

బాబాయికి,

పెళ్లిచూపులు తప్పించుకోవడానికే అటకెక్కి కూర్చున్నానని అమ్మతో అన్నావట. ఎక్కింది నిజమే, కారణం మాత్రం అది కాదు.

ఆదివారం పాతపేపర్లవాడికి వేసేద్దామన్నావే, ఆ తోటపని మాసపత్రికల కోసం ఎక్కాను. వాటిలో పాఠకుల ప్రశ్నలకు తాతయ్య జవాబులు రాసేవాడని ఇంటిల్లిపాదీ గొప్పగా చెప్పుకుంటాం కదా. పేజీల మధ్య ఆ జవాబుల చిత్తుప్రతులు దొరికాయి. ఒక్కటి తప్ప అన్నీ నాన్నమ్మ చేతిరాతే! గులాబీ కొమ్మలు ఎప్పుడు కత్తిరించాలో ఒక్కసారి తాతయ్య సొంతంగా రాసి, నెల తప్పు చెప్పాడు. మరుసటి సంచికలో సవరణ పడింది, అదీ ఆయన పేరుతోనే. దాని కింద నాన్నమ్మ పెన్సిల్‌తో, "నా మొక్కలు నన్నే నమ్ముకున్నాయి" అని రాసుకుంది.

నాన్నమ్మకు చూపిస్తే, "ఇప్పుడెందుకే ఆ గోల? ఆయనా లేడు, ఆ గులాబీలూ లేవు" అని నవ్వేసింది. నవ్వుతూనే ఆ సంచికను ఒళ్లోకి లాక్కుంది, మళ్లీ ఇవ్వలేదు.

"చదువు ఎక్కువైతే చెత్త కూడా చరిత్రలా కనిపిస్తుంది" అంటావు నువ్వు. ఆ చెత్త రాసింది మీ అమ్మ, బాబాయ్. తాతయ్య పరువు పోతుందని కేకలేస్తావనీ తెలుసు.

పాతపేపర్లవాణ్ణి రావద్దన్నాను. రేపు ఆ ఒక్క సంచిక తప్ప అన్నీ మా కాలేజీ లైబ్రరీకి ఇస్తున్నాను. లైబ్రరీ జాబితాలో జవాబులు రాసినవారు అన్నచోట నాన్నమ్మ పేరు ఉంటుంది.

మీ అన్నయ్య కూతురు