బండి బయలుదేరిందమ్మా

చిట్టితల్లీ,

ఫోన్లో చెబితే పక్కనే మీ అమ్మ వింటుంది. అందుకే కాగితం పట్టాను. ఈ నెలాఖరుకి ఉద్యోగం మానేస్తున్నాను. రాజీనామా కూడా ఇచ్చేశాను.

అంబులెన్సు కంట్రోల్ రూమ్‌లో ఇన్నేళ్లుగా ఫోన్లు ఎత్తినవాణ్ణి. మొన్న ఒకాయన, తల్లికి ఊపిరాడటం లేదని ఫోన్ చేశాడు. అడ్రసు కొట్టాను. దగ్గర్లో ఖాళీగా ఉన్న బండిని చూపించాల్సిన స్క్రీను తెల్లబోయి కూర్చుంది. "పంపారా? పంపారా?" అని ఆయన. "పంపుతున్నా బాబూ" అని నేను. ఆవిడ బతికింది, అంతవరకు నయం. తర్వాత సూపర్‌వైజరు పిలిచి, "పెద్దాయనా, ఏమీ అనుకోకండి. వయసు మీద పడ్డాక చేతులు నెమ్మదిస్తాయి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

అప్పట్నుంచి ఫోన్ మోగితే చాలు, కీబోర్డు మీద నా వేళ్లను పరాయివాడి వేళ్లలా చూసుకుంటున్నాను. అమ్మకి నేనే చెబుతాను, నువ్వు నోరు జారకు.

మీ నాన్న

నాన్నా,

మీ ఉత్తరం చదివి, ఆఫీసు బాత్రూమ్‌లోకి వెళ్లి ఏడ్చి వచ్చాను. ఆ స్క్రీను తయారుచేసింది మేమే కదా! అది నత్తనడక నడుస్తోందని ఒక్కసారైనా నాతో అనలేదు. కూతురి పనికి వంక పెట్టడం ఇష్టంలేకే కదూ?

నా బల్ల దగ్గర అది చకచకా నడుస్తుంది, అందుకే మాకు అనుమానమే రాలేదు. కొత్త సర్వర్లు కొందామన్నారు మా టీమ్ లీడరు. ముందు చూద్దామని మీ కంట్రోల్ రూమ్ వైపు నుంచి కొలిచాను. మీరు మీట నొక్కగానే మా ప్రోగ్రాము మ్యాపు సర్వరుకి కబురు పంపాలి. అందుకు నెట్‌వర్కులో ఆ సర్వరు అడ్రసు కావాలి. మీ వైపు ఆ అడ్రసులు చెప్పే యంత్రాలు రెండు. మొదటిది ఎప్పుడో మూలబడింది. ప్రోగ్రాము ముందు దాన్నే అడుగుతుంది, పలకకపోతే ఎదురుచూసి ఎదురుచూసి రెండోదాన్ని అడుగుతుంది. తెలుసుకున్న అడ్రసును వెంటనే మరిచిపోతుంది. మీరు మళ్లీ నొక్కితే కథ మళ్లీ మొదటికే!

ఆ పాడైన యంత్రాన్ని తప్పించాం. తెలుసుకున్న అడ్రసునూ, వీధుల, ఆస్పత్రుల వివరాలనూ కాసేపు గుర్తుంచుకునేలా చేశాం. దీన్ని క్యాష్ అంటారు, జేబులో పెట్టుకునే క్యాష్ కాదులెండి. ఖాళీ బళ్ల వివరం కూడా అలాగే గుర్తుంచుకోమంటే ఇంకా తొందరగా వస్తుందన్నారు టీమ్ లీడరు. "వద్దండీ. ఇందాక ఖాళీగా ఉన్న బండి ఇప్పుడు దారిలో ఉండొచ్చు. లేని బండిని ఎలా పంపుతారు?" అని అడ్డుపడ్డాను. ఒప్పుకున్నారు.

మీ చేతుల్లో ఏ లోపమూ లేదు నాన్నా. కొలిచి చెబుతున్నాను. ఉండటం, మానడం మీ ఇష్టం. కానీ ఆ కారణంతో మాత్రం మానకండి.

మీ చిట్టి

చిట్టితల్లీ,

మీ ఆఫీసు నుంచి సంగతి తెలిసినట్టుంది, సూపర్‌వైజరు నా కుర్చీ దగ్గరికొచ్చి, అందరి ముందూ "తప్పుగా అన్నాను, క్షమించండి" అన్నాడు. సరేనన్నాను గానీ మనసు మారలేదు. మాట పడ్డ చోట ఉండబుద్ధి కాలేదు.

ఈ ఉదయం ఒకావిడ ఫోన్ చేసింది, భర్త మెట్ల మీంచి జారిపడ్డాడని. వీధి పేరు కొట్టి చెయ్యి తీసేలోపే బండి కనబడింది. పంపేశాను. ఆవిడ ఇంకా ఇంటి గుర్తులు చెబుతూనే ఉంది.

"బండి బయలుదేరిందమ్మా" అన్నాను.

"అప్పుడేనా?" అంది.

"అవునమ్మా, అప్పుడే" అన్నాను. సైరన్ మోత ఫోన్లో వినబడేదాకా ఆవిడతో మాట్లాడుతూనే ఉన్నాను. తర్వాత వెళ్లి రాజీనామా వెనక్కి తీసుకున్నాను. మీ అమ్మకి అంతా చెబితే, "తండ్రీ కూతుళ్లకి నేను పరాయిదాన్నయ్యానా?" అని అలిగింది. రేపటికి సర్దుకుంటుందిలే.

నువ్వు అడిగింది నిజమే, నీ పనని నోరు మూసుకున్నాను. ఇక మూసుకోను. ఆ స్క్రీను మీద 'పంపు' అనే మీట ఆవగింజంత ఉంది. కాస్త పెద్దది చెయ్యవే తల్లీ.

మీ నాన్న