పట్టుగుడ్డ కింది నాడి

విళంబి, కార్తీక బహుళ తదియ. రాత్రి.

నా వేళ్ళను చూస్తే నాకే అసహ్యం వేస్తోంది.

చేపలు పట్టే పోలయ్య వేసవిలో వచ్చి, భార్య నూకమ్మకు గుండెదడ అన్నాడు. వెళ్ళి వాళ్ళ అరుగు దగ్గర నిలబడి, మైల సోకకుండా ఆమె మణికట్టు మీద పట్టుగుడ్డ కప్పించి, దాని మీదే వేళ్ళు ఆన్చి నాడి చూశాను. మా నాన్నగారూ ఆ కులాల వాళ్ళకు అలాగే చూసేవారు. "లయ తప్పలేదు, ఉత్త భయం" అని చూర్ణం ఇచ్చాను.

"రోజూ చెవెట్టి వింటన్నానండి, లోపల జడివాన పడతన్నట్టుందండి" అన్నాడు పోలయ్య.

నవ్వాను. వైద్యుణ్ణి నేనా, నువ్వా అన్నాను.

ఈ రోజు పొద్దున మళ్ళీ పిలిచాడు. ఆమె ఆయాసంతో గోడకు ఆనుకుని ఉంది. మళ్ళీ అదే గుడ్డ, అవే వేళ్ళు. నాడి వేగంగా ఉన్నా సమంగానే కొట్టుకుంటోంది. అప్పుడు ఆమె మెడ వైపు చూశాను. చేతి దగ్గర నాడి ఒకసారి కొట్టేలోపు మెడ నరం రెండుసార్లు అదురుతోంది. గుండెలో ఒక భాగం అలా అల్లాడుతుంటే, అందులో సగమే చేతిదాకా వస్తోంది. ఆ సగాన్ని, అదీ గుడ్డ మీంచి చూసి, భయమని తేల్చేశాను.

"గుండె మీద చెవి పెట్టి వినాలి" అన్నాను. అని, కదల్లేదు. పోలయ్యే వంగి విన్నాడు.

"అదే వానండి" అన్నాడు, నా మొహం చూడకుండా.

రాజమండ్రి ఆసుపత్రికి పడవలో తీసుకెళ్ళమన్నాను. అంతదాకా ఆ గుండె తట్టుకుంటుందో లేదో...

ఇంటికొస్తూ అలవాటు కొద్దీ మైల పోవడానికి కాలవలో దిగాను. మూడో మునక వేశాక గాని తట్టలేదు, ఇంతకీ నేను ఎవరిని ముట్టుకున్నానని?