గార్డు పెట్టె లేని గూడ్సు బండి

ఫిబ్రవరి, మొదటి వారం

ప్రియమైన కత్తెర బావకి,

మోకాలు ఎలా ఉంది? ఒక కబురుంది, కూర్చుని చదువు.

స్టేషన్ వెయిటింగ్ హాల్లో మన మోడల్ రైళ్ల సంఘానికి ఒక గాజు బీరువా ఇస్తున్నారు. సభ్యులు చేసిన బండి ఒకటి అందులో శాశ్వతంగా ఉంటుంది. ఏ బండి అన్నది మార్చి నెలాఖరు ప్రదర్శనలో తేలుతుంది. షరతులు రెండే. బండి పట్టాలు తప్పకుండా సంఘం బల్ల మీద ఒక చుట్టు తిరగాలి. ఇంజను వెనక మొదటి వ్యాగన్ నుంచి చివర గార్డు కూర్చునే పెట్టె దాకా బండి పూర్తిగా ఉండాలి.

అధ్యక్షుడు తన బండి పెడుతున్నాడు. అందులో ఆయన చేసిందల్లా కొన్న డబ్బా మూత తీయడం. మన వ్యాగన్లని చూసి ఆయన అందరి ముందూ ఏమన్నాడో గుర్తుందా? "చిత్తు కాగితాలవాడు బండి దిగి వెళ్లాడా?" అన్నాడు. ఆ రోజు మా అక్క నవ్వేసి ఊరుకుంది. నేను ఊరుకోలేదు, నీకు తెలుసు. నేను చదివిన చరిత్ర పుస్తకాలన్నీ చెప్పింది ఒక్కటే: కోట కట్టినవాడి పేరు ఎక్కడా ఉండదు, తాళంచెవి ఉన్నవాడి పేరు రాతి మీద ఉంటుంది. ఈసారి అలా కాకూడదు.

బిస్కెట్ పెట్టెల అట్టతో, ఎండిపోయిన రీఫిళ్లతో, నీ కొట్టులోని టిచ్ బటన్లతో ఒక గూడ్సు బండి మొత్తం చేశాం. చక్రాలు తప్ప మనం కొన్నది ఏదీ లేదు. గోడలు కోసింది, లోపలివైపు నుంచి మొద్దు సూదితో నొక్కి రివెట్లు తెప్పించింది నేను. ఇరుసులు, బరువులు నీ పని. రంగులు, అంకెలు అక్కవి. అక్క పోయాక ఈ మూడేళ్లుగా అది నీ కుట్టుమిషను పైన అలమరలో ఉంది. పార్సిల్ వ్యాను డ్రైవరుతో మాట్లాడాను. పాత తువ్వాళ్లలో చుట్టి పంపు.

ఆ గాజు మీద అక్క పేరు ఉండాలి. ముగ్గురి పేర్లూ, ముందు తనది.

ఇట్లు,
నీ అచ్చుతప్పుల బావమరిది


ఫిబ్రవరి 14

ప్రియమైన అచ్చుతప్పుల దొరకి,

ఉత్తరం అందింది. మోకాలు అలాగే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు అది నన్ను తిడుతుంది, దిగేటప్పుడు నేను దాన్ని తిడతాను.

బండి సంగతి. ఆ అధ్యక్షుడితో మనకెందుకురా? ఎవడి డబ్బా వాడిది. అలమర తాళంచెవి ఎక్కడ పెట్టానో కనబడటం లేదు. ఆసుపత్రి వాళ్ల పరదాల పని మీద పడింది, ఊపిరి తీసుకునే తీరిక లేదు. వచ్చే ఏడాది ప్రదర్శనకి చూద్దాం. గాజు బీరువా ఎక్కడికీ పోదు, దానికి చక్రాలు లేవు.

నువ్వు వేళకి తింటున్నావా? పైన గదిలో ఒక్కడివే ఉంటావు, పుస్తకం దొరికితే పొయ్యి మీద గిన్నె మరిచిపోతావు.

ఉంటాను,
మీ బావ


ఫిబ్రవరి 20

బావా,

"ప్రియమైన" అని రాయడానికి చెయ్యి రాలేదు. క్షమించు, లేదా మానేయి.

తాళంచెవి పోయిందంటావా? సూది కింద పడితే చప్పుడు విని ఎక్కడుందో చెప్పే మనిషివి నువ్వు. నలభై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ఏ వాక్యం అబద్ధమో దాని నడక చూస్తే నాకు తెలుస్తుంది. నీ ఉత్తరంలో కుంటని వాక్యం మోకాలి గురించి రాసింది ఒక్కటే.

బండిని ఎవరికైనా ఇచ్చేశావా? అమ్మేశావా? అలమరలో చెమ్మకి కుళ్లబెట్టావా? ఆ ఇంటి వెనక గోడ ఏడాదంతా చెమటోడుస్తూనే ఉంటుంది. ఇల్లు మారమని మొత్తుకున్నాను. కొట్టుకి దగ్గర అన్నావు. అక్క దగ్గు ఆ గోడలోంచే వచ్చిందని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. మా అక్కని ఎలాగూ కాపాడుకోలేదు. తను రంగులేసిన అట్టముక్కలైనా కాపాడావా?

ఈ వారంలో బండి రాకపోతే నేనే వస్తాను. అలమర పగలగొట్టడానికి నాకు తాళంచెవి అక్కర్లేదు.

ఇట్లు,
బావమరిది


ఫిబ్రవరి 27

ఒరే,

నువ్వు రావద్దు. ఈ డబ్బాలో ఒక వ్యాగన్ పంపుతున్నాను. బొగ్గు వ్యాగన్, ఎండబెట్టిన టీ పొడి బొగ్గులా పోశామే, అది. మెల్లగా విప్పు.

చూశావుగా. పక్క గోడలు పొట్టలా ఉబ్బి, మూలల దగ్గర చీలిపోయాయి. దాదాపు అన్నీ ఇలాగే ఉన్నాయి. కిందటేడు వానాకాలంలో దుమ్ము దులుపుదామని తీస్తే చూశాను. ఎవరో లోపల్నుంచి మోచేత్తో తోసినట్టున్నాయి. అడుగు విప్పి చూస్తే సీసం గుళ్లు లేవు, తెల్లటి పొడి ఉంది. అది దులిపేసి నీకు పంపాను.

బరువు కోసం పరదాల అంచుల్లో కుట్టే సీసం గుళ్లు పోసి, కదలకుండా తెల్ల జిగురు పోశాను. ఎందుకిలా అయిందో తెలీదు. పోసింది నేనే. తప్పు నాదే. చెప్పడానికి మొహం చెల్లక తాళంచెవి కథ అల్లాను.

గోడ గురించి నువ్వు రాసింది చదివాను.

మీ బావ


మార్చి 5

కత్తెర బావకి,

ఎందుకిలా అయిందో నాకు తెలుసు. లైబ్రరీలో పాత మోడల్ రైళ్ల పత్రికలన్నీ తిరగేశాను. తెల్ల జిగురు ఆరినా పుల్లటి ఆవిరి వదులుతూనే ఉంటుందట. మూసిన చోట ఆ ఆవిరి సీసాన్ని తినేసి పొడి చేస్తుంది. ఆ పొడికి సీసం కంటే ఎక్కువ చోటు కావాలి. చోటు లేకపోతే గోడలు చీల్చుకుని వస్తుంది. సీసానికి తెల్ల జిగురు తగలనివ్వకూడదని తెలిసినవాళ్లంతా రాశారు. తెలియనివాడు మా ఇంట్లోనే దొరికాడు.

నూలుపోగు తేడా వస్తే కుట్టు విప్పించే మనిషివి, ఒక్క మాట నన్ను అడగలేకపోయావా? జిగురు సీసా మూత తెరిచేటప్పుడు నీ బుర్ర మూత కూడా తెరవాల్సింది. బుధవారం సంఘంలో అధ్యక్షుడు "ఏమండీ, మీ బండి ఇంకా గ్యారేజీలోనేనా?" అని పళ్లికిలిస్తే ఆగలేకపోయాను. "మా బావ మూర్ఖత్వం వల్ల ఆలస్యం" అని అందరి ముందూ చెప్పేశాను. మా అక్క వేళ్లు నొప్పెట్టేలా రాసిన అంకెల్ని నువ్వు జిగురుతో పేల్చేశావని కూడా చెప్పాను. నవ్వారు. నవ్వనీ.

అయినా దారి ఉంది. అడుగులు కోసి, పొడి గీకేసి, ఇనప నట్లు పెట్టి, చీలికలు అంటించి గోడలు నొక్కి ఆరబెడతాను. అంకెలు చెడకుండా చూసుకుంటాను. నెలాఖరుకి తయారవుతుంది. అన్నీ పంపు. గార్డు పెట్టె ముందు పంపు, దాని కిటికీలు సన్నవి, పని ఎక్కువ. నువ్వు దేనినీ ముట్టుకోకు. బండి పూర్తయ్యాక మనిద్దరి లెక్క విడిగా చూసుకుందాం.

ఇట్లు,
బావమరిది


మార్చి 12

ప్రియమైన బావమరిదికి,

అన్నీ పంపాను, గార్డు పెట్టె తప్ప. అది పంపను. కారణం చెప్పకపోతే నువ్వు అలమర పగలగొడతావు. పైగా వీటి అడుగులు కోశావంటే నీకే తెలిసిపోతుంది. కాబట్టి ఇది కూర్చుని చదవాల్సింది నువ్వు.

బరువులు నేను పెట్టలేదు. మీ అక్క పెట్టింది.

ఒక్కో వ్యాగన్‌లో లైనింగు గుడ్డ సంచి ఉంటుంది, బొటనవేలంత. గుళ్లు గలగలలాడకూడదని సంచుల్లో కుట్టి, వంటింటి తక్కెడలో తూచి, ఆ పైన జిగురు పోసేది. అంత సన్నని కుట్టు నాకు రాదు, నా కళ్లు ఎప్పుడో పోయాయి. "తమ్ముడికి చెప్పకు, బరువు లెక్కల్లో ఆడవాళ్లకి ఏం తెలుసంటాడు" అని నవ్వేది. అందుకే నువ్వు నా పనే అనుకున్నావు. నీకు పంపిన దానిలో సంచి తీసేసి పంపాను.

జిగురు పోసినవాళ్లని నువ్వు ఏమంటావో నాకు తెలుసు. ఆ మాట తనని అంటే నేను భరించలేను. పోయిన మనిషి తిరిగి జవాబు చెప్పలేదు కదా. సంఘంలో నువ్వు తిట్టింది నన్నే కాబట్టి నాకు బాధ లేదు, తిట్టు సరైన కొలతకే కుట్టావు.

గార్డు పెట్టె సంగతి. దాని బరువు మీ అక్క ఆసుపత్రిలో పెట్టింది, చివరి వారంలో. "అదొక్కటే మిగిలింది, బండి తోక లేకుండా ఉంది" అని గొడవ చేస్తే క్యారియర్ గిన్నెలో పెట్టి పట్టుకెళ్లాను. నర్సమ్మ పట్టుకుంది.

"పేషెంటుకి జిగురేంటండీ?"

"తినడానికి కాదులే తల్లీ, బండికి," అంది మీ అక్క. "ఈ వేగంతో మా ఆయన కుడితే వచ్చే జన్మకి పూర్తవుతుంది."

ఆ పిల్ల కూడా నవ్వి తలుపు దగ్గర కాపలా నుంచుంది. సంచి కుట్టడానికి మీ అక్కకి మధ్యాహ్నమంతా పట్టింది. మూడు సార్లు సూది జారింది. నేను అందుకుని ఇచ్చాను, అంతే. దారం కూడా నన్ను కొరకనివ్వలేదు.

అది ఇంకా చీలలేదు. ఒక పక్క కాస్త ఉబ్బింది. పగులుతుందని తెలుసు. నువ్వు కోస్తే బతుకుతుందనీ తెలుసు. జీవితమంతా కత్తెర పట్టుకున్నవాణ్ని, దీని మీద కోత పడటం మాత్రం చూడలేను. నీ గాజు బీరువా పోతుంది. ఆమె పేరు రాతి మీదికి రాదు. నన్ను ఎంత తిట్టాలనుకుంటే అంత తిట్టు.

ఉంటాను,
మీ బావ


ఏప్రిల్ 2

ప్రియమైన బావకి,

ఇన్నాళ్లు రాయలేదు. తిట్టడానికి మాటలు వెతుక్కుంటున్నానని అనుకుని ఉంటావు. మొదటి రెండు రోజులు అదే చేశాను.

తర్వాత అడుగులు కోశాను. సంచులు ఉన్నాయి. గుడ్డ చాలా చోట్ల పొడిలో కలిసిపోయింది, రెండింటిలో మాత్రం కుట్టు నిలిచింది. కుట్టు చివర ముడి మీద ముడి వేసింది, చిన్నప్పుడు నా చొక్కా గుండీలకి వేసినట్టే. నేను తెంపుతానని తన నమ్మకం. తెలియని మనిషి చేసిన తప్పు ఇంత శ్రద్ధగా ఉంటుందని ఏ పుస్తకంలోనూ చదవలేదు. తిడదామని నోరు తెరిచి, గదిలో ఎవరూ లేరని చూసి మూసుకున్నాను.

గోడలు నొక్కి అంటించాను. అంకెలు అన్నీ నిలిచాయి. ప్రదర్శనకి ముందు రెండు రోజులు కూర్చుని కొత్త గార్డు పెట్టె కూడా చేశాను. బాగా వచ్చింది. చెప్పకూడదు గానీ పాతదాని కంటే రివెట్లు తిన్నగా ఉన్నాయి. సంచిలో పెట్టుకుని వెళ్లాను.

బల్ల మీద సంఘం ఇంజనుకి వ్యాగన్లన్నీ తగిలించాను. చివరిది తగిలించడానికి సంచిలో చెయ్యి పెట్టాను. పెట్టె చేతికి తగిలింది. తీయలేదు.

మీట నొక్కారు. బండి ఒక చుట్టు తిరిగింది బావా. మలుపు దగ్గర కూడా ఒక్క చక్రం దిగలేదు. అధ్యక్షుడు వంగి చివర చూశాడు.

"గార్డు పెట్టె ఏదండీ?"

"ఇంట్లో ఉంది."

"తేలేదేం?"

"అది మా వాళ్లది."

"నిబంధన తెలుసుగా. పూర్తి బండి కావాలి."

"నిబంధనలు మీకంటే ముందు నేను చదివాను. అందులో మీరు చేసిన అచ్చుతప్పులు దిద్దింది కూడా నేనే."

గాజు బీరువా ఆయన బండికే ఇచ్చారు. ఇవ్వనీ. వెయిటింగ్ హాల్లో జనం రైలు ఎప్పుడొస్తుందా అని గడియారం చూస్తారు గానీ బీరువా చూడరు. ఇది ద్రాక్షపళ్లు అందని నక్క మాటే, నాకు తెలుసు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అక్క పేరు అక్కడ ఉండాల్సింది.

వెళ్లే ముందు అందరినీ ఆపి, మా బావని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, జిగురు ఆయన పోయలేదు అని చెప్పాను. "మరి ఎవరు పోశారు?" అన్నాడు కోశాధికారి. అది మీకు సంబంధం లేని విషయం అన్నాను. నేను పోశానని అనుకుంటున్నారు. అనుకోనీ. ఆ మాత్రం తిట్టు నాకూ కొలతకి సరిపోతుంది.

గోడ గురించి నా ఉత్తరంలో రాసిన వాక్యాలున్నాయి చూడు, వాటి మీద అడ్డగీత గీసి, పక్కన నా సంతకం ఉన్నట్టు భావించు. ప్రెస్సులో అలా గీసినవి మళ్లీ ఎవరూ చదవరు.

ఇక ఆ పెట్టె. అలమరలోంచి తీసి మిషను పక్కన, వెలుతురు తగిలేచోట పెట్టు. ఎక్కడ పెట్టినా పగులుతుంది, నీ కళ్ల ముందే పగలనీ. పగిలినప్పుడు ఆ పొడిని నోటితో ఊదకు, అది విషం. చేతికి గుడ్డ చుట్టుకుని, సంచి దొరికితే విడిగా తీసిపెట్టు. నాకు రాయి, వస్తాను.

అసలు నేను రావడానికి అది పగిలేదాకా ఆగడమెందుకు? వచ్చే ఆదివారం కొట్టు మూసేస్తావుగా. మధ్యాహ్నం బండికి వస్తాను. మెట్లు దిగి రానక్కర్లేదు, తలుపు తీసి ఉంచు చాలు.

ఇట్లు,
మా అక్క తమ్ముడు